ట్యాంకరు మీది బోర్డు బ్రేకు ఇన్‌స్పెక్టర్ కోసం కాదు

(రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానులు, డ్రైవర్లు, ట్రాన్స్‌పోర్టు గుమస్తాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పని వేళలో బండ్లు ఆపుకుని వచ్చారు, కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాను.

ముందుగా ఒక ప్రశ్న. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ మోసే బండికి రెండు పక్కలా, వెనకా లోపలి సరుకు వివరాలు చెప్పే బోర్డు, అదే ప్యానెల్, రాయిస్తున్నాం కదా, అది ఎవరు చదవాలని? మొహమాటం వద్దు, చెప్పండి. బ్రేకు ఇన్‌స్పెక్టర్ అని ముందు వరసలోంచి వినిపించింది. చాలామంది మనసులో ఉన్న మాటే ఆయన పైకి అన్నారు. కానీ ఆలోచించండి, ఇన్‌స్పెక్టరుకు ప్యానెల్‌తో అవసరం ఏముంది? ఆయన బండి ఆపుతారు, కాగితాలు తీయమంటారు, లోపల ఏముందని మిమ్మల్నే అడుగుతారు. మీరు జవాబు చెబుతారు.

ప్యానెల్ కావలసింది మిమ్మల్ని అడిగే వీలు లేని మనిషికి. అర్ధరాత్రి కాజ టోల్‌గేట్ దాటాక బండి పల్టీ కొట్టిందనుకుందాం. అలా జరగకూడదనే కోరుకుందాం, కానీ అనుకుందాం. మీరు క్యాబిన్‌లో స్పృహ లేకుండా ఉన్నారు. క్లీనరు ఎటు పడ్డాడో తెలియదు. మొదట వచ్చేది ఎవరు? పొలానికి నీరు పెట్టడానికి వచ్చిన రైతు. వెనకే వస్తున్న ఇంకో లారీ డ్రైవరు. గస్తీ తిరిగే కానిస్టేబుల్. ఆ ట్యాంకులో ఉన్నది పాలా, పామాయిలా, సల్ఫ్యూరిక్ యాసిడా అన్నది వాళ్లకు చెప్పడానికి అక్కడ మిగిలింది ఆ రేకు మీది నాలుగు ముక్కలే. ఈ ఒక్క మాట గుర్తుంటే నిబంధనలు బట్టీ పట్టనక్కర్లేదు. ఏ కొలత ఎందుకు పెట్టారో దానంతట అదే బోధపడుతుంది.

మనకు వర్తించేవి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు. వాటిలో 129 నుంచి 137 వరకు ప్రమాదకర సరుకుల రవాణా గురించే. ప్యానెల్ సంగతి 134లో ఉంది. ఇదిగో, ఇక్కడి పెయింటరు ఒకరు రాసి ఇచ్చిన రేకు తెచ్చాను. పైకి ఎత్తి పట్టుకుంటున్నాను. చివరి వరసలో గోడకు ఆనుకుని ఉన్న బాబాయి గారూ, దీని మీద మీకు ఏం కనబడుతోంది? అంకె కనబడుతోంది, కింది పేరు అలుక్కుపోయింది అంటున్నారు. బాగుంది. నాకు కావలసిన జవాబు అదే.

సరుకు సాంకేతిక నామం అక్షరాలు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. సరుకు ఏదో గుర్తుపట్టించే ఐక్యరాజ్యసమితి అంకె కనీసం 100 మిల్లీమీటర్లు. ప్రమాదం ఏ రకమో చెప్పే వజ్రం ఆకారపు లేబుల్ పక్కకు కనీసం 250 మిల్లీమీటర్లు. వాటితో పాటు అత్యవసర సేవల పేరు, ఫోన్ నంబరు, సరుకు పంపినవాళ్ల లేదా సలహా చెప్పగల నిపుణుల పేరు, ఫోన్ నంబరు 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో. ఈ వరస చూడండి. రంగు లేబుల్ అన్నిటికంటే దూరం నుంచి కనబడుతుంది. దాని తర్వాత అంకె. పేరు, ఫోను చదవాలంటే దగ్గరకు రావాలి. అంటే వచ్చినవాడు దూరంగా ఉండగానే రంగు చూసి ఆగాలి. అంకె చూసి ఫైర్ స్టేషనుకు చెప్పాలి. దగ్గరకు వెళ్లాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతి. స్థలం చాలలేదని లేబుల్‌ను అరచేతంత చేసి అతికించిన బండ్లు మన యార్డులోనే చూశాను. ఆ లేబుల్ చదవాలంటే మనిషి వాయువులోకి నడిచి రావాలి.

మూడు వైపులా ఎందుకంటే, పల్టీ కొట్టిన బండి ఒక పక్క నేలకు ఆనుతుంది. రెండో పక్క ఆకాశం వైపు తిరుగుతుంది. అప్పుడు వెనకది పనికొస్తుంది. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే పక్కవి పనికొస్తాయి. ముందువైపు మన నిబంధన అడగలేదు. అమెరికాలో నాలుగు వైపులా పెట్టాలి. యూరప్‌లో ముందూ వెనకా నారింజ రంగు పలక ఉంటుంది, దాని పై సగంలో ప్రమాదం స్వభావం చెప్పే అంకె, కింది సగంలో ఐక్యరాజ్యసమితి అంకె. పెట్రోలు బండికి పైన 33, కింద 1203. పై అంకెకు ముందు ఎక్స్ అక్షరం ఉంటే దాని మీద నీళ్లు పడనివ్వకూడదని అర్థం. నన్నడిగితే మన బండ్లకు ముందువైపు కూడా ఒకటి పెట్టుకోమంటాను. ఎదురుగా వచ్చేవాడు ముందే బ్రేకు వేసుకుంటాడు. చట్టం అడిగినంతే చేయాలని లేదు, అంతకంటే ఎక్కువ చేస్తే ఎవరూ జరిమానా వేయరు.

ఇక అంకెల సంగతి. ఇది పెయింటర్లు కూడా వినాలి, వెనక నలుగురైదుగురు ఉన్నట్టున్నారు. పెట్రోలు 1203, డీజిల్ 1202, వంటగ్యాసు 1075, క్లోరిన్ 1017, అమ్మోనియా 1005. నాలుగే అంకెలు, కానీ ప్రపంచమంతా ఇవే. విశాఖపట్నం పైప్‌లైన్‌లో కొండపల్లికి వచ్చిన పెట్రోలుకైనా, స్పెయిన్‌లో రోడ్డెక్కిన పెట్రోలుకైనా 1203. పేరు తమిళంలో రాసినా, ఒడియాలో రాసినా అంకె మారదు.

అందుకే అంకె తారుమారు కాకూడదు. 1203లో చివరి రెండు అంకెలు అటుఇటు అయితే 1230 అవుతుంది. 1230 అంటే మిథనాల్. రెండూ మండేవే కదా, ఏముంది అనుకోవచ్చు. పెట్రోలు మంట మీద అగ్నిమాపక సిబ్బంది నురుగు కొడతారు, ఆ నురుగు పొరలా పరుచుకుని మంటకు గాలి అందకుండా చేస్తుంది. అదే మామూలు నురుగు మిథనాల్ మీద కొడితే మిథనాల్ దాన్ని విరిచేస్తుంది, పొర నిలవదు. దానికి వేరే రకం నురుగు కావాలి. పైగా పట్టపగలు మిథనాల్ మంట కంటికి సరిగ్గా ఆనదు. మండుతోందని తెలియక మనిషి దాంట్లోకే అడుగు పెడతాడు. పెయింటరు కుంచె జారితే వచ్చే తేడా ఇది. అలాగే 1005 బదులు 1050 రాస్తే అమ్మోనియా కాస్తా హైడ్రోజన్ క్లోరైడ్ అయిపోతుంది. ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం. రేకు మీద అంకె రాయించేటప్పుడు గుమస్తా గారు ఫోనులో నోటితో చెప్పవద్దు. కాగితం మీద రాసి ఇవ్వండి. రాశాక ఇన్‌వాయిస్ పక్కన పెట్టి ఒకసారి పోల్చి చూడండి.

ప్యానెల్ మీద 3వైఈ, 2వైఈ లాంటి రాత చూసే ఉంటారు. అది హాజ్‌కెమ్ కోడ్. బ్రిటన్‌లో పుట్టిన పద్ధతి. మొదటి అంకె మంట మీద ఏం కొట్టాలో చెబుతుంది. 2 అంటే పొగమంచులా సన్నటి నీటి తుంపర, 3 అంటే నురుగు. మధ్య అక్షరం సిబ్బంది ఏం తొడుక్కోవాలో, కారినదాన్ని నీటితో కడిగేయవచ్చో అడ్డుకట్ట వేయాలో చెబుతుంది. చివర ‘ఈ’ అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే విషయం ఆలోచించాలని. పెట్రోలుకు 3వైఈ. వై అంటే శ్వాస పరికరం తగిలించుకోవాలి, సరుకును కాలువల్లోకి పోనివ్వకూడదు. ఈ ఊళ్లో ఆ రెండో ముక్క చాలా బరువైనది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ నుంచే పోతున్నాయి. కారిన పెట్రోలును పైపు పెట్టి పక్క కాలువలోకి కడిగేస్తే రోడ్డు శుభ్రమవుతుంది, పెట్రోలు మాత్రం నీటి మీద తేలుతూ ఇళ్ల మధ్యకు వెళుతుంది.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, లైసెన్సు కోసం తీసుకున్న మూడు రోజుల శిక్షణలో ఇవన్నీ చూశారు. మొత్తం తొమ్మిది తరగతులు. నారింజ రంగు పేలుడు పదార్థాలకు, ఎరుపు మండే వాయువులకు, ద్రవాలకు, పసుపు మంటకు ఆజ్యం పోసే ఆక్సీకారులకు, పుర్రె గుర్తు విషాలకు, కింది సగం నలుపు ఉన్నది చర్మాన్నీ, లోహాన్నీ తినేసే ఆమ్లాలకు, క్షారాలకు. నీలం ఒక్కటి నిదానంగా చెబుతాను. దాన్ని రోడ్డు మీద ఎప్పుడో కానీ చూడం. చూడకపోవడానికి కారణం ఆ సరుకు రోడ్డు మీద లేకపోవడం కాదు.

నీలం లేబుల్, 4.3 అంకె. నీళ్లు తగిలితే మండే వాయువు విడిచే సరుకులు. కార్బైడ్ అంటే ఇక్కడ తెలియనివారు లేరు. వెల్డింగు షెడ్లలో గ్యాసు కోసం వాడేవారు. మామిడి కాయలు మగ్గేయడానికి దొంగచాటుగా వాడుతున్నారు, అది నిషేధం, ఆ గొడవ ఈరోజు మన విషయం కాదు. దాని ఐక్యరాజ్యసమితి అంకె 1402. నీరు తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, వెల్డింగులో మండేది అదే. ఇప్పుడు ఒక పార్సిల్ లారీ ఊహించుకోండి. బట్టల మూటలు, ప్లాస్టిక్ సామాను, మందుల పెట్టెలు, వాటి నడుమ నాలుగు కార్బైడ్ డ్రమ్ములు. సరుకు రసీదులో, అదే బిల్టీలో, ‘హార్డ్‌వేర్ సామాను’ అని రాసి ఉంది. లారీ మీద ఏ గుర్తూ లేదు. టైరు రాపిడికి బట్టల మూటలు అంటుకున్నాయి. ఫైరింజన్ వచ్చింది. బట్టల మంటకు ఏం చేస్తారు? నీళ్లు కొడతారు. వాళ్లు నేర్చుకున్న పని వాళ్లు సరిగ్గానే చేశారు. డ్రమ్ము పగిలి ఉంటే మాత్రం వాళ్లు మంటలోకి ఎసిటిలీన్ తయారు చేసి పంపుతున్నట్టే.

నా ఫిర్యాదంతా ట్యాంకర్ల మీద కాదు, ఈ పార్సిల్ లారీల మీద. ట్యాంకరు నింపే చోట గేటు దగ్గర ప్యానెల్ చూస్తారు, పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ చూస్తారు, లేకపోతే లోపలికి రానివ్వరు. పార్సిల్ గోడౌన్‌లో చూసేవాళ్లు ఎవరు? సరుకు పంపే ఆసామి ఛార్జీ ఎక్కువ అడుగుతారని అసలు పేరు దాస్తాడు. గుమస్తా అడగడు. డ్రైవరుకు తెలియదు. నిబంధన 131 ప్రకారం సరుకు పంపేవాడు దాని గురించి పూర్తి సమాచారం రవాణాదారుకు ఇవ్వాలి. 132 ప్రకారం రవాణాదారు దాన్ని సరిచూసుకుని డ్రైవరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అడగడం మీ హక్కు మాత్రమే కాదు, మీ పని కూడా. డ్రమ్ము మీద నీలం గుర్తు, ఎరుపు గుర్తు కనబడితే లోడింగ్ ఆపి, ఇది ఏమిటి, దీని ప్రమాద వివరాల కార్డు ఏది అని అడగండి. దించేయమంటే వ్యాపారం పోతుందని భయం, నాకూ తెలుసు. కానీ లారీ యజమానికి ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ మూడో ఉపవిభాగం నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ పట్టుకుంటుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి 20,000, మూడేళ్లు.

గుంటూరు నుంచి వచ్చినవాళ్లు కొందరు ఉన్నారు. మీ చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు. వాటిలో చల్లదనం ఇచ్చేది ఎక్కువగా అమ్మోనియాయే. ఆ సిలిండర్లు చిన్న వాహనాల్లో, ఒక్కోసారి గుడ్డ కప్పి తీసుకెళుతుంటారు. అమ్మోనియా గాలి కంటే తేలిక, పైకి పోతుందిలే అని ధీమాగా ఉండకండి. ద్రవంగా ఉన్నది ఒక్కసారిగా బయటపడితే చల్లటి తెల్లటి పొగలా మారి కొంతసేపు నేల మీదే పాకుతుంది. నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి ఆ పొగకు నీటి తుంపర అడ్డుగా కొడితే పట్టుకుంటుంది. క్లోరిన్ సిలిండరు కారుతుంటే మాత్రం కారే చోట నీళ్లు పోయకూడదు. తడి క్లోరిన్ ఇనుమును తినేస్తుంది, చిన్న రంధ్రం పెద్దదవుతుంది. మంచినీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లే టన్ను సిలిండర్లలో ఉన్నది అదే క్లోరిన్. ఒకదానికి నీళ్లు మందు, ఇంకోదానికి నీళ్లే చేటు. రెంటికీ ఘాటైన వాసనే. ముక్కుతో తేడా కనిపెట్టేలోపు మనిషి పడిపోతాడు. తేడా చెప్పేది 1005, 1017 అన్న అంకెలే.

ఇక ఫోన్ నంబరు. ఇది రాయడం తేలిక, బతికించి ఉంచడం కష్టం. చాలా ప్యానెళ్ల మీద పదేళ్ల నాటి ల్యాండ్‌లైన్ నంబరు ఉంటుంది. ఆఫీసు మారింది, నంబరు పోయింది, రేకు మారలేదు. కొన్నిటి మీద ఉండే నంబరు పగలు పదింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూసే ఆఫీసుది. మీ బండి మీది నంబరుకు ఈ రాత్రి రెండు గంటలకు మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎవరైనా ఎత్తి, అమ్మోనియా కారుతోంది ఏం చేయాలంటే జవాబు చెప్పగలిగితే ఆ నంబరు ఉంచండి. లేదంటే పంపిన కంపెనీతో పోట్లాడి సరైనది రాయించండి. 112, 101 ఎలాగూ ఉంటాయి. వంటగ్యాసుకైతే 1906 ఉంది. కానీ ఆ సరుకు గుట్టు తెలిసినవాళ్లు దాన్ని తయారుచేసినవాళ్లే.

ప్రతి ట్రిప్పుకూ ఆ ట్రిప్పులో ఉన్న సరుకు స్టిక్కరు ఉండాలన్నది 134లోనే ఉన్న ఇంకో మాట. నిన్న కాస్టిక్ తెచ్చిన బండిలో ఈరోజు యాసిడ్ ఎక్కించి పాత బోర్డుతోనే పంపితే, అసలు బోర్డు లేనిదాని కంటే అది ప్రమాదం. బోర్డు లేకపోతే వచ్చినవాడు అనుమానంతో దూరంగా ఉంటాడు. తప్పు బోర్డు ఉంటే నమ్మి తప్పు పని చేస్తాడు. బియ్యం బస్తాలు వేసుకుని, పాత ఎర్ర లేబుల్ తీయకుండా తిరిగే బండ్లూ ఉన్నాయి. నష్టం ఏముందంటారు. జనం అలాంటివి పది చూశాక పదకొండో బండి మీద నిజం రాసినా పట్టించుకోరు.

మరి ఖాళీ అయ్యాక తీసేయవచ్చా? ఇది ప్రతి శిక్షణలోనూ అడుగుతారు. అన్‌లోడ్ చేయగానే తీయకూడదు. ఆవకాయ తీసేసినా జాడీలో ఘాటు ఎలా ఉంటుందో, పెట్రోలు దించేసిన ట్యాంకులో ఆవిరి అలాగే నిండి ఉంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, నిప్పురవ్వ తగిలితే పేలేది ఆ మిశ్రమమే. మన ఆటోనగర్‌లో ట్యాంకుకు వెల్డింగు చేయించేవాళ్లు ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ట్యాంకు కడిగి, ఆవిరి పోగొట్టి, గ్యాసు లేదని పరీక్షించాకే లేబుల్ తీయాలి, ఆ తర్వాతే వెల్డింగు రాడ్ పట్టాలి.

లేబుల్, ప్యానెల్ ఎప్పుడూ శుభ్రంగా, అడ్డం లేకుండా ఉండాలని కూడా రాశారు. వానాకాలంలో వెనక ప్యానెల్ మీద బురద పేరుకుంటుంది. అద్దం తుడిచే గుడ్డతోనే దాన్నీ తుడవండి. టార్పాలిన్ అంచు, తాడు, నిచ్చెన, వేలాడదీసిన స్పేర్ టైరు దాని మీదకు రాకుండా చూసుకోండి.

క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు, అంటే సరుకుతో ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కార్డు, ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. పరవాలేదు, సగం మంది పైనే. ఆ కార్డును సీటు కింద పాత పేపర్లలో కాదు, తలుపు తీయగానే కనబడే చోట పెట్టాలి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే మిమ్మల్ని బయటకు లాగిన మనిషికి అది దొరకాలి. మీ లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ ఇప్పుడు మూడేళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కు ఒక రోజు శిక్షణ ఉంటుంది. ఆ రోజు సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్లకుండా, కార్డు చదవడం అభ్యాసం చేయండి.

ప్యానెల్ ఉంటే అన్నీ ఆగిపోతాయని నేను చెప్పడం లేదు. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ దగ్గర భాంక్రోటాలో మలుపు తిరుగుతున్న గ్యాసు ట్యాంకరును లారీ గుద్దింది. గ్యాసు రోడ్డంతా పరుచుకుని అంటుకుంది, పదుల సంఖ్యలో వాహనాలు కాలిపోయాయి. అంత వేగంగా జరిగినప్పుడు పక్కనే ఉన్నవాళ్లను ఏ బోర్డూ కాపాడలేదు. 2012లో కేరళలో కన్నూరు దగ్గర ‘చాలా’ అనే ఊళ్లో కూడా గ్యాసు ట్యాంకరే బోల్తా పడింది, 20 మంది దాకా చనిపోయారు. వంటగ్యాసు గాలి కంటే బరువు, పల్లం వెతుక్కుంటూ వెళుతుంది. 1075 అన్న అంకెకు, ఎర్ర లేబుల్‌కు అర్థం తెలిసిన డ్రైవరు అలాంటి చోట వెనక ఉంటే ఇంజను ఆపేస్తాడు, స్టార్టర్ జోలికి పోడు, దిగి గాలి వచ్చే వైపుకు నడుస్తాడు, వెనక బండ్లను ఆపుతాడు. ప్యానెల్ ఎవరి బండి మీద ఉన్నా చదవడం మీ అందరికీ రావాలనడం అందుకే.

ఇంకో చిన్న సూచన. ప్యానెల్ కింద చోటు ఉంటే తెలుగులో కూడా ఒక ముక్క రాయించండి. ‘క్లోరిన్. విషవాయువు. దూరంగా ఉండండి’ అని. చిలకలూరిపేట దగ్గర మొదట వచ్చే రైతుకు విషవాయువుల తరగతిని చెప్పే 2.3 అన్న అంకె ఏం చెబుతుంది?

ఇప్పుడు ప్రశ్నలు. అటు నిలబడ్డ తమ్ముడు చెప్పు. (ప్రశ్న: పుర్రె గుర్తు కనబడితే హోటలువాళ్లు బండి ఆపనివ్వడం లేదు, తిండికి కూడా ఇబ్బంది, అందుకే గోనె కప్పుతున్నాం అని.)

మంచి ప్రశ్న. కప్పుతున్నారని అందరికీ తెలుసు, పైకి అన్నది నువ్వే. హోటలు వాళ్ల మీద కోపం వద్దు. పొయ్యి పక్కన, పిల్లలు తిరిగే చోట ఆ బండి ఉండకూడదని వాళ్లు అనుకోవడం న్యాయమే. ప్యానెల్ తన పని తాను చేసింది. నిబంధన కూడా అదే అంటుంది. నిప్పు, పేలుడు, మరే ప్రమాదమూ లేని చోటే బండి ఆపాలి, ఆపినంతసేపూ డ్రైవరో, 18 ఏళ్లు దాటిన తెలిసిన మనిషో దాని దగ్గరే ఉండాలి. అంటే ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్లకూడదు. బండిని దూరంగా ఖాళీ స్థలంలో పెట్టి ఒకరు కాపలా ఉండండి, ఇంకొకరు నడిచి వెళ్లి ఇద్దరికీ పార్సిల్ కట్టించుకు రండి. ఇది నీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదని తెలుసు. అందుకే యజమానులకు చెబుతున్నాను, ఈ బండ్లకు క్లీనరును తగ్గించి జీతం మిగుల్చుకోవద్దు. ట్రిప్పు లెక్కలో భోజనానికి పట్టే గంట కలపండి. సంఘం తరఫున జాతీయ రహదారి అధికారులకు అర్జీ పెట్టి, ఈ సరుకుల బండ్లకు రోడ్డు పక్కన లారీలు ఆపుకునే లేబైలలో విడిగా జాగా అడగండి. గోనె మాత్రం ఈరోజే తీసేయాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.